గడిలో పేరు

తుఫాను రెండో రాత్రి జనరేటర్ కూడా చచ్చింది.
సమర్ దీవి తూర్పు కొసన మా ఆరోగ్య కేంద్రం,
పైకప్పు రేకొకటి లేచి ఎవరి కొబ్బరితోటలో పడిందో.
టార్చి నోట కరచుకుని
మరివిక్ కడుపు మీద చెయ్యి వేసి లెక్కపెడుతున్నాను.
ఏడో నెల. రావలసిన వేళ కాదు.

ఇరవై రెండేళ్లుగా నా పని నీళ్లతోనే.
ఉమ్మనీరు ఏ రంగులో ఉంటే భయపడాలో,
వేణ్నీళ్లు మోచేత్తో ఎలా చూడాలో,
బొడ్డు కోశాక చేతులు ఎంతసేపు కడగాలో
అన్నీ తెలుసు.
గుడి గడప తొక్కి మాత్రం తొమ్మిదేళ్లయింది.
ఎందుకన్నది నాకూ ఆయనకూ మధ్య మాట, పోనివ్వండి.

పాప పుట్టింది. నా అరచేతికి కాస్త ఎక్కువ.
ఏడవలేదు. పెదవులు నేరేడుపండు రంగు.
ఊదాను, వీపు రుద్దాను, మళ్లీ ఊదాను.
లోపల ఏదో కొట్టుకుంటోంది, ఆగుతోంది,
గుర్తొచ్చినట్టు మళ్లీ కొట్టుకుంటోంది.

మూలనుంచి అమ్మమ్మ సలూద్ లేచి వచ్చింది.
"నీళ్లు పొయ్యి."
"ఫాదర్ రావాలి కదా."
"రోడ్డు లేదు. పడవ లేదు. నువ్వున్నావు."
"నాకు నమ్మకం లేదమ్మా."
"నిన్ను నమ్మమన్నానా? పొయ్యమన్నాను."

తాగే నీళ్ల సీసా అడుగున నాలుగు గుక్కలు.
చల్లగా ఉన్నాయి.
గుప్పిట్లో పట్టి కాసేపు ఉంచాను.
అది ఏ శాస్త్రంలోనూ లేదు, నా చేతుల అలవాటు.

"పేరు?"
మరివిక్ కళ్లు తెరవలేదు. గాలి తలుపును తన్నుతోంది.
"అమిహాన్" అంది.
ఈ గాలి పేరు కాదది.
ఇదంతా పోయాక, డిసెంబరులో, ఈశాన్యం నుంచి
వలలు ఆరేసుకునే వేళ వచ్చే
నెమ్మదైన గాలిది.

అమిహాన్, నేను నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాను,
పిత
కొన్ని చుక్కలు
పుత్ర
ఇంకొన్ని
పవిత్రాత్మ నామమున
మిగిలినవన్నీ.

నెత్తి మీంచి జారి, నా మణికట్టు మీదుగా
గడియారం పట్టీ కిందికి పోయాయి నీళ్లు.
నీళ్లలోంచే వచ్చిన బిడ్డకి మళ్లీ నీళ్లెందుకని
ఒకప్పుడు వాదించినదాన్ని నేను.
ఆ నీళ్లు మోస్తాయి, దాస్తాయి, పగిలిపోతాయి.
వాటిలో ఎవరూ పేరు పెట్టి పిలవరు.

చిన్న కనుబొమలు ముడిపడ్డాయి,
చలికి కోపమొచ్చినట్టు.
ఈ లోకంతో తను ఆడిన మాట అదొక్కటే.
పదకొండు నిమిషాలు.

అయిదో రోజు మోకాళ్ల దాకా బురదతో
ఫాదర్ ఎలుతేరియో వచ్చాడు.
"మీరు మళ్లీ పొయ్యాలా?" అమ్మమ్మ అడిగింది.
ఆయన నావైపు తిరిగాడు.
ఏ నీళ్లు, ఏ మాటలు, ఎన్నిసార్లు.
ఠాణాలో చెప్పినట్టు చెప్పాను.
"ఇవ్వాలనుకునే ఇచ్చావా?"
ఆ రాత్రి నేనేం అనుకున్నానో వెతుక్కున్నాను.
ఒక బిడ్డ పేరు లేకుండా పోకూడదనుకున్నాను.
ఆమె ఎవరి బిడ్డో ఆ ఎవరికో
అప్పజెప్పాలనుకున్నాను.
"అవును" అన్నాను.
"అయితే అయిపోయింది. దీనికి రెండోసారి లేదు."

రెండు పుస్తకాలు తెచ్చాడు. రెండూ తడిసి ఉబ్బాయి.
ముందు జ్ఞానస్నానాలది, తర్వాత సమాధులది.
ఒకే తేదీ. మధ్యలో కలం ఒక్కసారి దులిపాడు.
ఇచ్చినవారు అన్న గడిలో
పేజీ పొడుగునా గురువుల పేర్లే,
చివర, ఎస్తెలితా అబాయన్, మంత్రసాని.
చెమ్మ కాగితం మీద సిరా పాకి
నా ఇంటిపేరు పాప పేరును తాకింది.

అమ్మమ్మకు చదువు రాదు. ఏది ఏదో చూపించమంది.
వేలు పెట్టి చూపించాను.
ఆ వేలినే చాలాసేపు పట్టుకుంది.

డిసెంబరు వచ్చింది. రేడియో గాలి మళ్లిందని చెప్పింది.
వేరే తల్లి, వేరే నొప్పులు.
బేసిన్లో వేణ్నీళ్లు పోసి
మోచెయ్యి ముంచాను.
కొంచెం ఎక్కువసేపే ఉంచాను.